ఒక్క లైనేగా!

మూడు వారాలుగా ఒక మాట నా చెవిలో జోరీగలా తిరుగుతోంది. "ఒక్క లైనేగా!"

ఈ మాట అన్నది మా మేనేజరు గారు. నాకంటే పదకొండేళ్ళు చిన్న, అయినా గారే. అనేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, మధ్యలో చిటికెడు ఉప్పు పట్టేంత సందు వదిలి చూపిస్తారు. పని ఎంత చిన్నదో నాకు తెలియాలని. ఆ సందులోంచి నా శనివారాలూ ఆదివారాలూ జారిపోతూ నాకు కనిపిస్తుంటాయి.

మాదొక చిన్న కంపెనీ. కాలేజీల హాజరు, ఫీజులు, మార్కులు చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్ముకుని బతుకుతున్నాం. పన్నెండేళ్ళుగా అది మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో కాపురం చేస్తోంది. గొడవల్లేవని కాదు, ఏ కాపురంలో లేవు గనక. ఇంతలో మా పాత కాలేజీల్లో ఒకదానివాళ్ళు "ఇకమీదట మా దగ్గర అంతా పోస్ట్‌గ్రెస్సేనండి, దాని మీద నడుస్తుందా?" అనడిగారు. మా సేల్స్ ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "దాందేముందండీ, మాది ఏ డేటాబేస్ మీదైనా నడుస్తుంది" అనేశాడు. అనడమే కాదు, రంగుల కరపత్రంలో అచ్చు వేయించాడు. అచ్చయ్యాక నాకు చూపించారు. శుభలేఖలు పంచేశాక పెళ్ళికొడుక్కి పిల్లను చూపించినట్టు.

ఈ గొడవ తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. హోటలుకి వెళ్తాం. బల్ల దగ్గర కూర్చుని ఇడ్లీ అంటాం. వంటగదిలో ఎవరున్నారో మనకి తెలియదు, అక్కర్లేదు. మన తెర మీద కనిపించే పేజీలు ఆ హాల్లో బల్లలు. డేటాబేస్ వంటగది. మధ్యలో ఆర్డరు మోసుకెళ్ళేవాడు డ్రైవరు. (సర్వరు అనేవాడు మా దగ్గర వేరే ఉన్నాడు, వాడి జోలికి ఇప్పుడు వద్దు.) పాత వంటవాడిని పంపించి కొత్తవాడిని పెట్టుకుంటే హాల్లో కూర్చున్నవాళ్ళకి తెలియకూడదు. సిద్ధాంతం అదీ. చట్నీ నోట్లో పెట్టుకోగానే తెలిసిపోతుందన్న సంగతి సిద్ధాంతంలో లేదు.

ఈ సిద్ధాంతం నాకు మొదట చెప్పింది అమీర్‌పేటలో, 1999లో. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ప్రతి అంతస్తుకీ ఒక కోచింగ్ సెంటరు. గదిలో నూటపాతిక మంది, ఫ్యాన్లు నాలుగు. మాస్టారు బోర్డు మీద మూడు గీతలు గీసి, "డేటాబేస్ ఏదైతే ఏంటి బాబూ, ఎస్‌క్యూఎల్ వస్తే చాలు, అన్నీ ఒకటే" అన్నారు. నూటపాతిక మందిమీ రాసుకున్నాం. ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాష. ఆయన చెప్పింది అబద్ధమని అనను. ఎస్‌క్యూఎల్‌కి 1986 నుంచీ అమెరికా ప్రమాణాల సంస్థ ముద్ర ఉంది, మరుసటేడు అంతర్జాతీయ ముద్ర కూడా పడింది. ఆ లెక్కన ఒకే భాష. కాకపోతే తెలుగు కూడా ఒకే భాషే. తణుకులో పుట్టిన నేను కూకట్‌పల్లి రైతుబజారులో ఆనపకాయ అంటే పక్కనున్నాయన సొరకాయ అన్నాడు, అమ్మేవాడు ఆనిగెపుకాయ అన్నాడు. కాయ ఒకటే. అలాగే మొదటి పది వరసలు కావాలంటే ఒక డేటాబేస్‌లో లిమిట్ అనాలి, ఇంకోదాంట్లో టాప్ అనాలి, మరోదాంట్లో చాలాకాలం రోనమ్ అనే ఉపాయం పన్నాల్సి వచ్చేది. అడిగేది ఆ పదే. జావాలో ఈ తేడాలు సర్దే హైబర్నేట్ అనే సరంజామా ఉంది. అందులో మనం మార్చాల్సిన ఆ 'ఒక్క లైను' పేరేమిటో తెలుసా? డయలెక్ట్. మాండలికం! పేరు పెట్టినవాడికి నిజం తెలుసు. మా సేల్స్ ఆయనకే తెలియదు.

పైగా ఈ ఒక్క లైను హామీ ఇవాళ్టిది కాదు. 1992లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఓడీబీసీ అన్నారు. డ్రైవరు మారిస్తే చాలు, ప్రోగ్రాము ముట్టుకోనక్కర్లేదన్నారు. 1997లో జావాకి జేడీబీసీ వచ్చింది. 2005లో పీహెచ్‌పీకి పీడీఓ వచ్చింది. అదే ఏడు జాంగో వచ్చింది, అసలు ఎస్‌క్యూఎల్ రాయడమే మానెయ్యమంది. వచ్చినప్పుడల్లా అదే మాట. ఇలా నాలుగైదుసార్లు నమ్మాను. ఎన్నికల ముందు మా వీధికి మంచినీళ్ళ పైపు కూడా ఇన్నిసార్లు రాలేదు.

సరే, మార్చాను. కాన్ఫిగ్ ఫైలు తెరిచి, ఆ పవిత్రమైన లైను మార్చి, సరంజామాలో ఉన్న సాధనంతో టేబుళ్ళన్నీ అటు కట్టి, బటన్ నొక్కాను. ఎర్రక్షరం ఒక్కటీ లేదు. లాగిన్ పేజీ చక్కగా వచ్చి కూర్చుంది. మా టీములో ఉన్న కుర్రాడు "అన్నా, అయిపోయింది కదన్నా!" అన్నాడు. మేనేజరు గారు వచ్చి చూసి, వేళ్ళ మధ్య సందు ఇంకాస్త తగ్గించి చూపించి వెళ్ళారు. నేను టీ తాగడానికి కిందికి దిగాను. ఆ టీ చల్లారకముందే ఫోనొచ్చింది.

పిల్లలు లాగిన్ కావడం లేదట. రోల్ నంబరులో ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. హాల్‌టికెట్టు మీద పెద్దది, పిల్లలు ఫోన్లో కొట్టేది చిన్నది. పాత డేటాబేస్ మామూలుగా పెద్దా చిన్నా తేడా చూడదు, రమ్మంటుంది. కొత్తది రెండూ వేర్వేరు మనుషులంటుంది. మన లిపిలో ఈ పెద్దక్షరాల చిన్నక్షరాల బాధ లేదు కదా అని మన భాష గురించి గర్వపడబోయాను. గర్వం ఎంతోసేపు నిలవలేదు. పేరు గడిలో తెలుగు పేర్ల పొడవు కొలిచే చోట ఇంకో ముసలం పుట్టింది. 'స్త్రీ' అన్న మాట తీసుకోండి. మనకది ఒక్క అక్షరం. కంప్యూటరుకి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలు. ఆ ఆరింట్లో ఒక్కో ముక్క మూడేసి బైట్లు. మైఎస్‌క్యూఎల్‌ని 'లెంగ్త్ ఎంత?' అంటే బైట్లు లెక్కపెట్టి 18 అంటుంది. పోస్ట్‌గ్రెస్‌ని అదే మాటతో అడిగితే ముక్కలు లెక్కపెట్టి 6 అంటుంది. అడిగిన ప్రశ్న ఒకటే, పేరూ ఒకటే. రెండో తరగతి చదివే మా మేనకోడల్ని అడిగాను. "ఒకటి" అని, "మామయ్యా, నీకు ఇది కూడా రాదా?" అంది.

పుట్టినతేదీల సంగతి వేరే. పాతికేళ్ళ సర్వీసులో చాలా చూశాను గానీ సున్నా సంవత్సరం, సున్నా నెల, సున్నా తేదీన పుట్టిన పిల్లల్ని మొదటిసారి చూశాను. ఒకరిద్దరు కాదు, ముప్పయ్యేడుగురు. పాతరోజుల్లో మైఎస్‌క్యూఎల్‌ని కాస్త వదులుగా పెట్టుకుంటే, దరఖాస్తులో ఫిబ్రవరి 30 అని రాసినా విసుక్కునేది కాదు, మౌనంగా అన్నీ సున్నాలు చుట్టి లోపల పెట్టుకునేది. మేమూ అలాగే వదిలేశాం. తప్పు మాదే. పోస్ట్‌గ్రెస్ ఆ తేదీ చూసి తలుపు దగ్గరే నిలబెట్టేసింది. న్యాయమే మరి. ఆ తేదీకి ఏ పంచాంగంలోనూ తిథి లేదు, నక్షత్రం లేదు, రాహుకాలం అంతకన్నా లేదు.

ఇక్కడ మా కుర్రాడు ఒక మాటన్నాడు. "అన్నా, యూనివర్సల్ అన్నారు కదన్నా ఇది?" ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. దానికి కారణం డేటాబేస్ కాదు, మా కుక్కరు రబ్బరు.

ఆ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను.

సరిగ్గా ఈ మూడు వారాల్లోనే మా ఇంట్లో కుక్కరు మొరాయించింది. విజిల్ రాదు, పక్కల్నుంచి ఆవిరి చిమ్ముతుంది, పప్పు పలుకుగా మిగులుతుంది. "ఏవండీ, రబ్బరు పోయింది, వచ్చేటప్పుడు తెండి" అంది మా ఆవిడ. రబ్బరే కదా అనుకున్నాను. గమనించండి, ఇక్కడ 'ఒక్క లైనేగా' అన్నది నేనే.

గిన్నెల కొట్లో గోడకి మేకులు, మేకులకి రబ్బర్లు దండలు దండలుగా వేలాడుతున్నాయి. ఇన్ని కుక్కర్లున్నాయా ఈ దేశంలో అనిపించింది. కొట్టాయన "ఏ కంపెనీ సార్?" అన్నాడు. తెలియదన్నాను. "ఎన్ని లీటర్లు?" తెలియదు. "మూత లోపలికి పోయేదా, పైన తిరిగేదా?" ఇరవై రెండేళ్ళుగా ఆ కుక్కర్లో ఉడికిన పప్పే తింటున్నాను. మూత ఎటు తిరుగుతుందో చెప్పలేకపోయాను. ఇంటికి ఫోన్ చేశాను. "పెద్ద కుక్కరండీ" అంది. పెద్దదంటే? "చిన్నది కాదు." కొట్టాయన జాలిపడి ఒక తెల్లటి రబ్బరు తీశాడు. "ఇది తీస్కపోండి సార్, అన్నిటికీ పడుద్ది, యూనివర్సల్" అన్నాడు.

ఇంటికి తెచ్చి పెడితే మూత పట్టలేదు. బిగుతు. మా ఆవిడ ఫ్రీజర్లో పెట్టమంది. మా అమ్మ వేణ్ణీళ్ళలో వెయ్యమంది. ఇద్దరి మాటా కాదనలేక ముందు వేణ్ణీళ్ళలో వేసి తర్వాత ఫ్రీజర్లో పెట్టాను. రెండింటి మధ్య ఆ రబ్బరు ఏమనుకుందో ఏమో, మర్నాటికి వదులైపోయింది. పక్కఫ్లాటు పిన్నిగారు వచ్చి, నూలుదారం రెండు చుట్లు చుడితే సర్దుకుంటుందన్నారు. చుట్టాం. మూడో విజిల్‌కి కుక్కరు ఒక పక్కనుంచి పప్పు వడగట్టడం మొదలెట్టింది. వంటింటి గోడ మీద ఇప్పటికీ తూర్పుదిక్కున కందిపప్పు మరక ఒకటుంది, కోస్తాజిల్లాల పటంలా.

ఇక లాభం లేదని మర్నాడు మూతే సంచిలో వేసుకుని ఆఫీసుకి బయల్దేరాను, వచ్చేటప్పుడు కొట్లో కొలిపించుకుందామని. మా ఆఫీసు గుమ్మం దగ్గర సంచులు చూసే యంత్రం ఉంది. దాని తెర మీద నా లాప్‌టాప్ పక్కన గుండ్రంగా, మధ్యలో బొడిపెతో, పక్కన పిడితో ఒక ఆకారం కనిపించింది. గార్డు రెండోసారి పంపించాడు. మూడోసారి పంపించాడు. "సార్, ఇదేంది?" అన్నాడు. "కుక్కరు మూత" అన్నాను. "మరి కుక్కరేది సార్?" అన్నాడు. అతని అనుమానం న్యాయమైందే. మూత ఒక్కటీ పట్టుకుని ఆఫీసుకి వచ్చేవాడు మంచివాడు ఎలా అవుతాడు? నా వెనక పన్నెండుమంది లైన్లో ఉన్నారు. అందులో మా మేనేజరు గారొకరు. ఆ రోజంతా ఆయన ఒక్క లైను ఊసెత్తలేదు. నా కుటుంబ పరిస్థితి గురించి ఏదో ఊహించుకుని ఉంటారు.

సాయంత్రం కొట్టాయన మూత చూసి "ఇది పాత మోడల్ సార్, దీని నంబరు కుక్కరు అడుగున ఉంటది" అన్నాడు. అంటే కుక్కరు కూడా తేవాలి. నాకు కోపం వచ్చింది. "మరి యూనివర్సల్ అన్నావు కదయ్యా?" అని గట్టిగానే అడిగాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా, దండలు సర్దుకుంటూ, ఒక జవాబు చెప్పాడు.

"అన్నిటికీ కాస్త కాస్త పడుద్ది సార్."

ఓడీబీసీ నుంచి ఇవాళ్టి దాకా వచ్చిన సరంజామా అంతటికీ ఇంతకు మించిన నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అసలు ఉపద్రవం రెండో వారంలో వచ్చింది. కాలేజీ హాల్లో ఒక పెద్ద తెర ఉంది. ఇంటర్నల్ పరీక్ష మార్కుల్ని బట్టి మొదటి పది ర్యాంకులు అందులో వెలుగుతాయి. పొద్దున్న 8.40కి ప్రిన్సిపాల్ గారు ఆ తెర ఫొటో తీసి పంపారు. పైన పూలదండ బొమ్మ. ప్రథమ ర్యాంకు, ద్వితీయ ర్యాంకు అంటూ పది పేర్లు. మార్కుల గడి మాత్రం పదిమందికీ ఖాళీ. ఫొటో కింద ఆయన ఒకే వాక్యం రాశారు: "వీళ్ళెవరూ పరీక్షకు రాలేదండి."

వీళ్ళలో ఫస్టు ర్యాంకు కుర్రాడు ఆ వారం వాళ్ళక్క పెళ్ళిలో వడ్డిస్తున్నాడట. ఆ సంగతి తెలిసిన వాళ్ళ నాన్నగారు కాలేజీకి ఫోన్ చేసి, "చదవకుండానే ఇంత వస్తే చదివితే ఎంత వస్తుందండీ" అని అడిగారట. ఆయన వెటకారం చేశారా, నిజంగానే అడిగారా అన్నది ప్రిన్సిపాల్ గారికి ఇప్పటికీ తేలలేదు.

మేనేజరు గారు పిలిచారు. పరీక్ష రాయనివాళ్ళ మార్కుల గడిలో నల్ ఉంటుందని చెప్పాను. "నల్ అంటే సున్నాయే కదా?" అన్నారు. కాదు. సున్నా అంటే పరీక్ష రాసి తెచ్చుకున్నది. దానికో కష్టం ఉంది. నల్ అంటే తెలియదు అని అర్థం. ఎంతో తెలియనిదాన్ని మార్కుల వరసలో ఎక్కడ నిలబెట్టాలి? ఎస్‌క్యూఎల్ ప్రమాణం దీని గురించి పెద్దమనిషి తరహాలో తప్పుకుంది. అన్నిటికన్నా కిందయినా పెట్టండి, అన్నిటికన్నా పైనయినా పెట్టండి, మీ ఇష్టం అంది. మైఎస్‌క్యూఎల్ అన్నిటికన్నా తక్కువ అనుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ అన్నిటికన్నా ఎక్కువ అనుకుంటుంది. కొత్త అల్లుడి జీతం ఎంతో తెలియనప్పుడు ఆడపెళ్ళివారూ వాళ్ళంటే గిట్టని చుట్టాలూ చెప్పే అంకెల్లాంటివే ఇవి. రెండిట్లో ఏదీ తప్పని నిరూపించలేం. కాకపోతే మార్కులు ఎక్కువ నుంచి తక్కువకి పేర్చమన్నప్పుడు, మొదటి దాంట్లో రానివాళ్ళు అడుగుకి పోతారు, రెండో దాంట్లో నెత్తికెక్కుతారు.

"దీనికి మందు లేదా?" అన్నారు. ఉంది. నల్స్ లాస్ట్ అని రెండు మాటలు చేరిస్తే పోస్ట్‌గ్రెస్ బుద్ధిగా వాళ్ళని చివర్న కూర్చోబెడుతుంది. ప్రమాణంలోకి కూడా 2003లో ఎక్కిన మాటలే అవి. "మరింకేం, చేర్చేయండి, ఒక్క లైనేగా!" అన్నారు. చేరిస్తే మైఎస్‌క్యూఎల్‌కి ఆ మాటలు అర్థం కావు. మిగతా కాలేజీలన్నీ దాని మీదే ఉన్నాయి. ఈ కాలేజీలో ర్యాంకు నిలబెడితే మిగతా కాలేజీల్లో మొత్తం పేజీయే పడుకుంటుంది.

దీని తర్వాత వచ్చిన ఫిర్యాదు నన్నింకా ఎక్కువ బాధపెట్టింది. హాజరు చూసే గుమాస్తా ఒకాయన, రిటైర్మెంటుకి దగ్గరున్నాయన, ఫోన్ చేశారు. కోపం లేదు గొంతులో. "మీ కొత్త సాఫ్ట్‌వేర్‌లో పిల్లలు కుదురుగా కూర్చోవటం లేదండీ" అన్నారు. మొదటి పేరు పక్కన టిక్కు పెడతారట, పేజీ మళ్ళీ వచ్చేసరికి ఆ పేరు అక్కడ ఉండదట, ఎక్కడో అడుగున ఉంటుందట. పన్నెండేళ్ళుగా ఆయన పేర్లు చదవడు. చెయ్యి వెళ్ళే చోటికి వెళ్తుంది. ఏడో వరసలో ఎవరుంటారో వేలికి తెలుసు. ఇప్పుడు ప్రతి పేరూ కళ్ళద్దాలు పెట్టుకుని చదవాల్సి వస్తోంది.

కారణం చిన్నదే. ఆ పట్టిక అడిగేటప్పుడు ఏ వరసలో కావాలో మేము చెప్పలేదు. చెప్పకపోయినా పాత డేటాబేస్ నంబర్ల వరసలోనే ఇస్తూ వచ్చింది, దాని లోపలి అమరిక అలాంటిది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరస మారిస్తే పాతదాన్ని అక్కడే వదిలేసి కొత్త ప్రతి వేరేచోట రాసుకుంటుంది. వరస అడక్కపోతే ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి తెచ్చి ఇస్తుంది. పాతది ఎప్పుడూ మాటివ్వలేదు. మేమే మాట అనుకున్నాం.

దీంట్లో నా తెలివితక్కువతనం ఎంత పాతదో తెలిసి ఇంకా సిగ్గేసింది. ఈ డేటాబేస్‌లన్నిటికీ తాత ఎడ్గార్ కాడ్ 1970 జూన్‌లో రాసిన వ్యాసం ఒకటుంది. ఐబీఎం వారి శాన్‌హోసే ప్రయోగశాలలో పనిచేసేవాడాయన. డేటా లోపల ఎలా పేర్చి ఉందో వాడుకునేవాడికి తెలియాల్సిన అవసరం ఉండకూడదు అన్నది ఆయన తపన. అప్పటి వ్యవస్థల్లో తొలగించాల్సిన మూడు జబ్బులు చెప్పాడు. వాటిలో మొట్టమొదటిది, వరస మీద ఆధారపడటం. నేను పుట్టకముందే నా తప్పు అచ్చయి ఉంది.

మా అమ్మని తణుకు నుంచి ఇక్కడికి తీసుకొచ్చి మూడేళ్ళయింది. నాన్న పోయాక ఒక్కత్తీ ఉండలేదని తెచ్చాం. సామానంతా లెక్కపెట్టుకుని మరీ తెచ్చాం. ఇత్తడి బిందె దగ్గర్నుంచి దేవుడి పటాల దాకా ఒక్కటి తగ్గలేదు. ఇక్కడ గది పెద్దది, మంచం అదే, మంచం పక్కన నీళ్ళచెంబు అదే. కానీ రాత్రిపూట లేస్తే ఇప్పటికీ కుడిచేతి వైపు గోడ తడుముతుంది. స్విచ్చి ఎడమవైపుంది. ఆ ఇంట్లో స్విచ్చి కుడివైపు ఉంటుందని ఆమెకు ఎవరూ కాగితం రాసివ్వలేదు. నలభై ఏళ్ళు అక్కడుంది, అంతే. పక్కగదిలోంచి ఆ గోడ మీద గాజుల చప్పుడు నాకు వినిపిస్తుంది. ఇటువైపు కూడా ఒక స్విచ్చి పెట్టిస్తానమ్మా అన్నాను. "వద్దులేరా, అలవాటైపోతుంది" అంది. ఆ మాటా మూడేళ్ళుగా అంటూనే ఉంది.

సోమవారం నాడు ఏ పట్టికకి ఏ వరసో వెతికి వెతికి రాశాను. మార్కుల పట్టికకి రెండు డేటాబేస్‌లకూ అర్థమయ్యే ఉపాయం ఒకటి దొరికింది. ముందు 'ఇతనికి మార్కులు లేవా?' అని పేర్చమని, ఆ తర్వాత మార్కుల ప్రకారం పేర్చమనడం. లేనివాళ్ళు రెండుచోట్లా చివరికి పోయారు. అక్కపెళ్ళి కుర్రాడు ర్యాంకు పోగొట్టుకున్నాడు. గుమాస్తా గారి పిల్లలు కుదురుగా కూర్చున్నారు. మొత్తం 212 చోట్ల మార్చాను. ఆ లెక్క మేనేజరు గారికి మెయిల్లో పెట్టాను. చదివారో లేదో తెలియదు గానీ ఒక బొటనవేలు బొమ్మ జవాబుగా వచ్చింది. చూపుడువేలు లేదు కనక సందు ఎంతో తెలియలేదు.

నిన్న సేల్స్ ఆయన సంబరంగా వచ్చాడు. ఇంకో కాలేజీ ఖాయమైందట. వాళ్ళది ఒరాకిల్ అట. అందులో ఖాళీగా వదిలేసిన మాట కూడా నల్ కిందే లెక్క. నేను కష్టపడి కనిపెట్టిన ఉపాయం కూడా అందులో ఇన్నాళ్ళూ చెల్లేది కాదు. ఈ రెండూ ఆయనకి చెప్పాను. ఆయన బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చాడు.

అమ్మ గదిలో కుడివైపు స్విచ్చికి కరెంటాయన రేపు వస్తానన్నాడు. అమ్మని అడగలేదు.

కుక్కరు మాత్రం ఇంకా అలాగే ఉంది. పదిరోజులుగా మా ఇంట్లో పప్పు మూకుట్లో ఉడుకుతోంది. ఈ వ్యాసం చదివేవారిలో ఎవరింట్లోనైనా మూత లోపలికి పోయే అయిదు లీటర్ల పాత మోడల్ కుక్కరు అటకమీద ఉంటే, దయచేసి దాని రబ్బరు పారేయకండి. యూనివర్సల్ అయితే వద్దు.